రెండో వంతు

తేదీ: 1973 మే 27, ఆదివారం. సమయం: మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. స్థలం: జహనుమాలో ఇశ్రాయేలు ఇంటి ముందు గది. హాజరైనవారు: జహనుమా యూత్ క్లబ్బు కార్యదర్శి ఆగయ్య, ఎంపికదారు ఇశ్రాయేలు, రాహేలు—

అక్కడ కలం ఆగిపోయింది.

పదిహేనేళ్ళుగా క్లబ్బు సమావేశాల వివరాలను ఇదే క్రమంలో రాస్తూ వచ్చిన ఇశ్రాయేలుకు, సొంత భార్య పేరు పక్కన ఏ హోదా రాయాలో తోచలేదు. ఆమె క్లబ్బు సభ్యురాలు కాదు. తొమ్మిదేళ్ళుగా ఆటస్థలం దిక్కు తొంగిచూసిన మనిషి కాదు. అయినా ఈ రోజు ఆమె సంతకం పడనిదే క్లబ్బు పని ముందుకు నడవదు.

"రాయి," అంది రాహేలు వంటింటి గడపమీదినుంచే. "ఇప్పుడు తల్లి అని రాయి. అప్పుడు అక్క అని రాసినవ్. ఏది రాస్తేంది, సంతకం పెట్టే చెయ్యి గదే గద."

ఆమె ఒడిలో బైబిలు ఉంది. దాని కిందినుంచి గులాబీరంగు ఫారం అంచు కనిపిస్తోంది. ఉదయం ఆరాధననుంచి తిరిగివచ్చినప్పటినుంచీ ఆ ఫారం అక్కడే ఉంది. ఆమె చీర మార్చుకోలేదు, పొయ్యి వెలిగించలేదు.

"వదినా," అన్నాడు ఆగయ్య, గోడ గడియారాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూస్తూ. "ఐదింటికి హుస్సేనీ ఆలంల లీగ్ ఆఫీస్ తలుపు మూస్తరు. నా సైకిల్ ఎట్లుంటదో నీకెర్కే. దాన్ని నేను తొక్కుడు సగం, అది నన్ను తొక్కుడు సగం. జర తొందరగ ఇయ్యి."

రాహేలు నవ్వలేదు. ఆగయ్య హుస్సేనీ ఆలంలో దర్జీ. పదకొండుమంది ఆటగాళ్ళ చొక్కాలు ఉచితంగా కుట్టి కార్యదర్శి అయినవాడు. ఎవరి నోటినైనా నవ్వుతో విప్పగలనని అతని నమ్మకం. ఈ ఇంట్లో ఆ నమ్మకం పొద్దుటినుంచీ మూడుసార్లు ఓడిపోయింది.

"నేను పొద్దుగాలనే చెప్పిన," అంది ఆమె. "ఆయన కాగితం మీద మొదటి పేరు నా కొడుకుది ఉండాలె. కండ్లతోని చూసినంక సంతకం పెడ్త."

"గట్ల అయితదా వదినా!"

"ఎందుకు కాదు?"

ఎందుకు కాదో చెప్పడానికి లీగు నియమాలన్నీ చెప్పాలి. ఆ వేసవి ఫుట్‌బాల్ పరీక్ష ఆటల్లో ముప్పై ఒక్కమంది కుర్రవాళ్ళు ఆడారు. నాలుగు క్లబ్బులు వాళ్ళను వంతులవారీగా ఏరుకుంటాయి. పోయిన ఏడు అడుగున నిలిచినవాళ్ళకు మొదటి వంతు. అవమానంలోనే పుట్టిన ఆ గౌరవం ఈసారి జహనుమాది. ఆ తరువాత దబీర్‌పురా, శాలిబండ, హుస్సేనీ ఆలం. ఆ ముగ్గురూ ఒక్కొక్కరిని తీసుకున్నాకే మళ్ళీ జహనుమాకు రెండో వంతు వస్తుంది. ఒకసారి ఏరుకున్న కుర్రవాడు మూడేళ్ళు ఆ క్లబ్బుకే ఆడాలి. ఇంటి పెద్ద సంతకం లేని కుర్రవాడి పేరు అసలు జాబితాకే ఎక్కదు, ఏడాదిపాటు ఊరికే కూర్చోవాలి. ఎంపికదారు తన ఇంటి పిల్లవాడి ఫారంమీద సంతకం చేయరాదన్నది మరో నియమం. అందుకే జయపాల్ ఫారం అతని తల్లి ఒడిలో ఉంది.

"పోయినేడు మనకు పడ్డ గోల్స్ ఎన్ని వదినా? ఇరవై మూడు!" అన్నాడు ఆగయ్య. "దర్వాజ పెట్టి తలుపు మర్సిపోయినట్టుండె మన గోల్‌పోస్టు. గిప్పుడు మైసయ్య అసుంటి పోరడు దొరికిండు. తాపీ పనికి పోయి ఇటుకలు పట్టుకునే చేతులు. ఆరు ఆటలల్ల వాని ముంగటినుంచి ఒక్క బాల్ లోపలికి పోలె. వాన్ని మొదటి వంతుల తీస్కోకుంటే శాలిబండోళ్ళు ఎగరేస్కపోతరు. మన జయపాల్ మస్తు ఆడ్తడు, కాదంటలేను. కని వాడు యాడికి పోతడు? రెండో వంతుల మన దగ్గరికే వస్తడు. అన్న లెక్క కట్టిండు. చెప్పన్నా."

చెప్పడం ఇశ్రాయేలుకు చేతనైన పనే. బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరుగా పగలంతా మరలు బిగించే ఆ మనిషి సాయంత్రాలు ఒక నోటుపుస్తకంతో గడిపేవాడు. ఎడమవైపు పుటలో కుర్రవాడి ఆట: ఏ కాలు, ఎంత దమ్ము, ఓడుతున్నప్పుడు ముఖం ఎలా ఉంటుంది. కుడివైపు పుటలో తక్కిన మూడు క్లబ్బుల లోట్లు. ఎవడు మంచి ఆటగాడన్నది సగం ప్రశ్నే అనీ, ఆ ఆటగాడు ఎంతవరకు మనకు అందుబాటులో ఉంటాడన్నది మిగతా సగమనీ అతను ఎప్పుడూ అనేవాడు.

"దబీర్‌పురాకు వెనుక కాసే ఫుల్ బ్యాక్ కావాలె," అన్నాడు అతను పుస్తకంలోకే చూస్తూ. "శాలిబండకు గోల్‌కీపర్ లేడు. హుస్సేనీ ఆలంకు అంచుమీద ఉరికేటోడు కావాలె. ఇన్‌సైడ్ లెఫ్ట్, ముంగట ఎడమ దిక్కు ఆడేటోళ్ళు, ముగ్గురికి ముగ్గురున్నరు. జయపాల్‌ను తీస్కునే అక్కర ఎవ్వరికి లేదు. గందుకని వాడు..."

అతను ఆగాడు. తరువాతి మాట నోటిదాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది.

"అను," అంది రాహేలు. "ఎందుకు ఆగినవ్? గా మాట అను."

ఆగయ్య ఇద్దరి ముఖాలూ చూశాడు. గోడ గడియారం మూడున్నర కొట్టింది.

ఆమె బైబిలు తెరిచింది. విలాపవాక్యాల గ్రంథం దగ్గర మడిచి పెట్టిన ఒక పాత పుట ఉంది. గీతల కాగితం, మడతల దగ్గర చిరగబోతోంది. దాన్ని విప్పకుండానే, ఏళ్ళ తరబడి చదివి కంఠతా వచ్చిన వాక్యంలా పైకి చదివింది.

"తిమోతి. ఇన్‌సైడ్ లెఫ్ట్. ఎడమ కాలు బాగుంది. పొట్టివాడు. ఎవరికీ అక్కర లేదు. మిగులుతాడు."

ఆగయ్య తల దించుకున్నాడు. తిమోతి రాహేలు తమ్ముడు. తల్లీ తండ్రీ పోయాక ఆమె దగ్గరే, ఈ ఇంట్లోనే పెరిగాడు. 1964 వేసవిలో రెండో వంతుకు మిగులుతాడని ఇశ్రాయేలు లెక్క వేసిన ఆ కుర్రవాణ్ణి దబీర్‌పురా క్లబ్బు తన మొదటి వంతులోనే ఏరుకుంది. ఆ డిసెంబరులో బయటి ఊళ్ళో ఆట గెలిచి తిరిగివస్తూండగా ఇబ్రహీంపట్నం మలుపు దగ్గర ఆటగాళ్ళ లారీ బోల్తా పడింది. తక్కినవాళ్ళు దెబ్బలతో బతికారు. తిమోతిని నీలం చొక్కాతోనే ఇంటికి తెచ్చారు. వీపుమీద పదో నంబరు.

"మిగులుతడు అని రాసినవ్," అంది రాహేలు. "ఎవరు మిగిలిన్రు? నేను మిగిలిన. గీ కాగితం మిగిలింది."

"అది లెక్కల తప్పు వదినా. దేవుని ముంగట మన లెక్కలెంత?"

"నువ్వు ఊకో ఆగయ్యా. నీ తమ్మునికి నువ్వు కఫన్ గుడ్డ కుట్టలే."

ఆ డిసెంబరులో తిమోతి శవపేటికకు లోపల తెల్లగుడ్డ కుట్టింది అతనే.

అంతలో పెరటివైపునుంచి ఒక చప్పుడు వినవచ్చింది. గోడకు బంతి తగిలిన చప్పుడు. కొంత విరామం. మళ్ళీ అదే చప్పుడు.

ఇశ్రాయేలు భార్యవైపు చూశాడు. ఆమె కూడా అదే క్షణంలో అతనివైపు చూసింది. ఆ పెరటిగోడకు తొమ్మిదేళ్ళుగా సున్నం వేయలేదు. ప్రతి ఏటా క్రిస్మసుకు ముందు ఇల్లంతా తెల్లబడేది, ఆ ఒక్క గోడ తప్ప. మోకాలి ఎత్తున గోడ నిండా గుండ్రని మట్టిమచ్చలు. తిమోతి బంతి వేసిన మచ్చలు. వాటికే గురిపెట్టి బంతి కొడుతూ జయపాల్ ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడు ఏది ఎవరి మచ్చో చెప్పడం కష్టం.

"వాడు వెనుకనే ఉన్నడు," అంది రాహేలు మెల్లగా. "పిలువు. వాని ముంగటనే తేలుద్దాం."

"జయపాల్!" అని పిలిచాడు ఇశ్రాయేలు పెరటివైపు తిరిగి.

"వస్తున్న బాపూ!" అన్న జవాబు వీధివైపునుంచి వచ్చింది. సైకిలు స్టాండు వేసిన చప్పుడు. పంతొమ్మిదేళ్ళ జయపాల్ వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసింది. చెప్పులకు ఎక్కడిదో దూరపు రోడ్డు దుమ్ము.

పెరట్లో చప్పుడు ఆగిపోయింది.

ఎవరూ లేచి చూడలేదు. తమకేమీ వినబడనట్టే భార్యాభర్తలిద్దరూ కొడుకువైపు తిరిగారు.

"యాడికి పోయినవ్ రా?" అన్నాడు ఆగయ్య.

"దబీర్‌పురా."

ఆ ఒక్క పేరు గదిలో ఉన్నవాళ్ళందరినీ ఒకేసారి కదిలించింది. ఆగయ్య లేచి నిలబడ్డాడు. రాహేలు చేయి బైబిలుమీద బిగుసుకుంది.

"దబీర్‌పురాల నీకేం పని?"

"రామ్‌చందర్ సాబ్ పిలిచిండు కాకా, వాళ్ళ ఎంపికదారు. నిన్న కబురు పంపిండు." జయపాల్ తండ్రినే చూస్తున్నాడు. "బాపూ, నీ లెక్క తప్పు. వాళ్ళకు ఫుల్ బ్యాక్ వద్దంట. ఉన్నోనితోనే సర్దుకుంటరంట. మీ బాపు నిన్ను రెండో వంతుకు పెడ్తే, మా మొదటి వంతుల నిన్నే తీస్కుంటమన్నడు."

"చూసినవా!" రాహేలు గొంతు పగిలింది. "చూసినవా! మల్ల గదే! గా మనిషే, గా క్లబ్బే!"

"అమ్మా, జర విను..."

"నేను వినేదేంది? మొదట నీ పేరు రాయమని చెప్పు మీ బాపుకు!"

"నాకు మొదట వద్దు," అన్నాడు జయపాల్. "నేను వస్తనని రామ్‌చందర్ సాబ్‌కు చెప్పిన."

ఆగయ్య మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి నెమ్మదిగా, కుర్చీ అక్కడ ఉందో లేదో అనుమానించే మనిషిలా.

"పదో నంబర్ మామ పోయినప్పటి సంది వాళ్ళు ఎవ్వరికి ఇయ్యలేదంట అమ్మా. డబ్బల మడతపెట్టి పెట్టిన్రు. నేను చూసిన. మామ చొక్కా తీరుగనే కుట్టిచ్చింది, కొత్తది. వేసుకుంటవా అని అడిగిండు."

"వేసుకుంటవా?" అంది తల్లి. ఆమె స్వరంలో కోపం లేదు. అదే ఇశ్రాయేలును భయపెట్టింది.

"చిన్నప్పటి సంది గా గోడకు నేను కొడ్తున్న బాల్ ఎవరిదమ్మా? నాదా? ఎడమ కాలుతోని కొడ్తే మామ అంటవు. కుడి కాలుతోని కొడ్తే ఏడుస్తవు. నా మీద గా చొక్కా ఎప్పటి సందో ఉన్నది. బయట కూడ వేసుకుంటే ఏమైతది?"

ఆగయ్య జేబులోంచి సైకిలు తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అన్నా, గిప్పుడైతే మైసయ్యనా, వీడా? ఇద్దరు రారు. ఒక్కడే వస్తడు. నాలుగు కావస్తున్నది."

ఇశ్రాయేలు ఎదుట ఎంపిక కాగితం ఖాళీగా ఉంది. జహనుమా మొదటి వంతు అన్న మాట మాత్రం అతని గుండ్రని అక్షరాల్లో రాసి ఉంది. గోల్‌కీపరును వదిలేస్తే జట్టు మరో ఏడాది అడుగునే ఉంటుంది. కొడుకును వదిలేస్తే వాడు ఆ నీలం చొక్కాలోకి నడిచి వెళతాడు. ఈ రెంటిలో ఏది పెద్ద నష్టమో తూచడానికి అతని నోటుపుస్తకంలో పుట లేదు.

"ఒక్క సంగతి చెప్పు," అంది రాహేలు. "తొమ్మిదేండ్ల సంది అడగాలని అడగలే. గప్పుడు నీకు నిజంగ ఎర్కలేదా? వాళ్ళు తిమోతిని తీస్కుంటరని నీకు ఎవ్వరు చెప్పలేదా?"

"ఎవరికెర్కుంటది వదినా..." అని ఆగయ్య అందుకోబోయాడు.

"నిన్ను కాదు."

తొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న రాకుండా ఇశ్రాయేలు ప్రతి సంభాషణనూ మరో దారి పట్టించాడు. అన్నం దగ్గర, సమాధి దగ్గర, పాత పుస్తకంలోంచి ఆమె ఆ పుట చింపుకుపోయిన రోజున కూడా. ఇప్పుడది తనంతట తానే వచ్చి ఎదుట కూర్చుంది. కొడుకు నిలబడి చూస్తున్నాడు.

"ఎర్కే," అన్నాడు ఇశ్రాయేలు.

ఆగయ్య చేతిలోని సైకిలు తాళంచెవి నేలమీద పడింది.

"ఆ కాగితాలు ఇచ్చే ముంగట రోజు రామ్‌చందర్ నన్ను హోటల్లకు పిలిచిండు. ఛాయ్ తాపిచ్చిండు. మీ బామ్మర్ది మీద నా కన్నున్నది, నువ్వు మొదట తీస్కోకుంటే నేను తీస్కుంట అన్నడు. దాచకుంట చెప్పిండు. మర్యాదస్తుడు."

"మల్ల?"

"మల్ల ఇంటికొచ్చి ఆ పేజీ రాసిన."

రాహేలు చేతిలోని పాత పుటవైపు చూసింది.

"అంటే ఇది లెక్క కాదు."

"కాదు. కమిటీవాళ్ళు అడుగుతే చూపించనీకి రాసిన. నేను ఎంపికదారు అయి రెండో ఏడే. బామ్మర్దిని మొదట పెట్టిండు, ఇంటోన్ని పెట్టిండు అంటరని భయం. క్లబ్బుకు ఫుల్ బ్యాక్ కావాలె, గది కూడ నిజమే. అసుంటోన్ని ఒకన్ని మొదట రాసిన. ఆ ఫుల్ బ్యాక్ ఒక్క ఏడు ఆడి మిలిటరీల చేరిండు." అతను కళ్ళు మూసుకుని తెరిచాడు. "పోతే పోయిండు, దబీర్‌పురా ఎంత దూరం, ఆదివారం ఇంటికే వస్తడు కద అనుకున్న. నువ్వు సంతకం పెట్టేటప్పుడు అడిగినవ్, ఇది మన క్లబ్బుకే కద అని. అవును అన్న."

ఆమె ఏడవలేదు. పాత పుటను మోకాలిమీద పరిచి, ఆ చివరి మాటమీద బొటనవేలు ఉంచి, అక్షరాలు తడిగా ఉన్నాయేమో చూస్తున్నట్టుగా అటూ ఇటూ కదిలించింది.

"నేను పెట్టిన," అంది చివరికి. "నువ్వు అవును అన్నవ్, నేను పెట్టిన."

జయపాల్ తండ్రికి దూరంగా ఒక అడుగు జరిగాడు. తాను జరిగినట్టు అతనికి తెలిసినట్టు లేదు. ఇశ్రాయేలుకు మాత్రం తెలిసింది.

అతను కలం మూత తీశాడు. కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. మొదటి వంతు కింద ఒక పేరు రాసి, పక్కన సంతకం చేసి, కాగితాన్ని అందరికీ కనిపించేలా తిప్పి పెట్టాడు.

మైసయ్య.

"బాపూ," అన్నాడు జయపాల్. అతను కోరుకున్నది అదే. అయినా గొంతులో సంతోషం లేదు.

"ఇప్పుడు నీ పేరు మొదట రాస్తే, నేను తిమోతికి రాసినట్టయితది, నీకు కాదు," అన్నాడు ఇశ్రాయేలు. "వానికి రాయాల్సిన రోజు పోయింది. ఈ కాగితం మీద ఈసారి అబద్ధం లేదు. నువ్వు మిగులుతవని నేను అంటలేను. నువ్వు పోతవు. ఎర్కుండే రాసిన. మీ అమ్మకు ఎర్కుండాలె."

ఆగయ్య ఆ కాగితాన్ని అందుకుని, ఇన్నాళ్ళూ తాను కోరిన పేరునే చదువుకుని, తల ఎత్తలేకపోయాడు. దాన్ని జేబులో పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"వదినా," అన్నాడు నేలవైపే చూస్తూ. "ఫారం ఇస్తే రెండూ కలిపి తీస్కపోత. ఇయ్యకుంటే... ఇయ్యకుంటే పోరనికి ఒక్క ఏడు పోతది. అంతే. నేనేమనుకోను."

అంతా ఆమె చేతిలోకి వచ్చి ఆగింది. ఫారం ఐదింటిలోగా లీగ్ ఆఫీసు చేరితే కొడుకు దబీర్‌పురావాడవుతాడు. చేరకపోతే వాడు ఏడాదంతా ఆ పెరటిగోడ ఎదుటే ఉంటాడు.

"అమ్మా," అన్నాడు జయపాల్ ఆమె ఎదుట కూర్చుని. "లారీలల్ల పోను. నీ మీద ఒట్టు. బస్సుల పోత. రైలుల పోత."

"మీ మామ గూడ గట్లనే అనె," అంది ఆమె, వాడి నుదుటి చెమటను కొంగుతో తుడిచి. "ఒట్టు పెట్టకు."

తరువాత భర్తవైపు చేయి చాచింది. ఏం కావాలో అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. కలం ఇచ్చాడు. తొమ్మిదేళ్ళ కిందట ఇచ్చింది కూడా ఇదే కలం. ఆ సంగతి ఆమెకు గుర్తుందో లేదో అడగలేకపోయాడు.

"ఆగయ్యా, నువ్వు నీ కాగితం తీస్కొని పో," అంది. "ఇంటోళ్ళు ఫారం సొంతంగ తేవచ్చా?"

"తేవచ్చు వదినా. రూల్ బుక్కుల ఉన్నది. కని నువ్వెట్ల..."

"పో. రామ్‌చందర్ ఆడనే ఉంటడు కద. ఆయనను ఒక్క మాట అడిగేది ఉన్నది. ఆయన జవాబు విన్నంక ఇస్తనో, ఇయ్యనో."

ఆగయ్య వెళ్ళిపోయాడు. మొరాయించే ఆ సైకిలు చప్పుడు వీధి చివరిదాకా వినిపించి మాయమైంది. ఆమె రామ్‌చందర్‌ను ఏమడగబోతోందో ఇశ్రాయేలుకు తెలుసు. హోటల్లో ఆ టీ కప్పుల మధ్య ‘తీస్కో, నేను అడ్డం రాను’ అని తాను అన్న ఇంకొక మాట రామ్‌చందర్‌కు గుర్తుండే ఉంటుంది. ఆ మాటను ఇప్పుడు కూడా తాను చెప్పలేదు.

రాహేలు గులాబీరంగు ఫారాన్ని బైబిలు అట్టమీద పరిచింది. తల్లి సంతకం అన్న గీతమీద, ఆదివారపు బడిలో నేర్చుకున్న అక్షరాలతో, ఒక్కొక్కటే పూర్తిచేసి మరొకటి మొదలుపెడుతూ తన పేరు రాసింది. సిరా ఆరేదాకా దానివైపే చూసింది. అప్పుడు ఫారాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిచి, పాత పుటను పారేయకుండా దానిమీదే ఉంచి, రెంటినీ విలాపవాక్యాల మధ్య పెట్టి బైబిలు మూసివేసింది.